అరవై దాటినంక

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి మా బడి పిల్లలకు తెలుసు, మా గల్లీలోకి వచ్చే కూరగాయల బండాయనకు తెలుసు, చర్చిలో మా వరుసలో కూచునే వాళ్లందరికీ తెలుసు. కోపం కన్నా చెడ్డ గుణం ఇంకొకటుంది నాలో. ఎదుటివాళ్ల మాట సగం వినగానే మిగతా సగం నాకు తెలిసిపోయిందనుకుంటాను. ఇరవై ఆరేళ్లుగా ఆబిడ్స్‌లో ఒక ఆడపిల్లల బడిలో లెక్కలు చెబుతున్నాను. పిల్ల నోరు తెరవగానే ఎక్కడ తప్పు చేసిందో పట్టేస్తాను. ఆ అలవాటును ఇంటికి కూడా తెచ్చుకున్నాను. దానివల్ల మా నాయినకు నేనేం చేశానో ఇక్కడ రాస్తున్నాను. రాస్తే బరువు తగ్గుతుందన్న ఆశేమీ లేదు. ఎవరో ఒకరికి చెప్పాలి కదా.

మా నాయిన డ్రైవరు. మెదక్ వైపు ఒక మిషన్ దవాఖానలో ముప్ఫై రెండేళ్లు జీపు నడిపాడు. నొప్పులు పడుతున్న ఆడవాళ్లను, పాము కరిచినవాళ్లను ఆ గుంతల దారిలో దవాఖానకు చేర్చేవాడు. ఒక్కసారైనా బండి దేనికీ తగిలించలేదు. రిటైరయ్యాక నాంపల్లిలో నా దగ్గరికి వచ్చేశాడు. స్టేషన్ వెనక గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. అమ్మ అప్పటికే లేదు. నాకు పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్లు పైన రాసింది ఇంకోసారి చదువుకోవచ్చు.

బండి లేకుండా ఆయన వారం రోజులు కూడా ఉండలేకపోయాడు. ఎవరో వాడి వదిలేసిన ఒక చిన్న బూడిదరంగు కారు కొన్నాడు. దాన్ని పొద్దున్నే తుడవడం, నూనె చూడడం, గాలి చూడడం ఆయన దినచర్య. ఆదివారం వచ్చిందంటే ఆయన్ని పట్టలేం. తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని ఏడు గంటలకే బయల్దేరేవాడు. నాంపల్లిలో ఒకామె, బషీర్‌బాగ్‌లో ఇద్దరు, ముగ్గురూ ఒంటరి ముసలమ్మలే. ఒక్కొక్కరి గుమ్మం ముందు బండి ఆపి, తనే దిగి తలుపు తీసి, చెయ్యి పట్టుకుని ఎక్కించుకుని ఆబిడ్స్‌లో మా చర్చికి తెచ్చేవాడు. ఆ బషీర్‌బాగ్ ఇద్దరిలో ఒకామె ఆయన పనిచేసిన దవాఖానలోనే నర్సుగా చేసింది, అందరం నర్సమ్మ అనేవాళ్లం. "నీ జీపు ఇంకా నడుస్తనే ఉన్నది కదనయ్యా" అని ఆమె ఎగతాళి చేస్తే మా నాయిన మొహం వెలిగిపోయేది.

నిరుడు కాక అవతలి ఏడాది, పరీక్షల రోజుల్లో, మెదక్‌లో మా బంధువు ఒకాయన చనిపోయాడు. నాకు సెలవు దొరకలేదు. నాయిన ఒక్కడే కారు వేసుకుని మట్టికి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చాడు. నేను పేపర్లు దిద్దుతున్నాను. ఆయన కుళాయి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూచున్నాడు.

"బిడ్డా, చేతులకు వణుకొస్తుందే" అన్నాడు.

నేను తలెత్తలేదు. "ఎప్పట్సంది?"

"అరవై దాటినంక."

"అరవై దాటి పన్నెండేండ్లాయె. ఇయ్యాల చెప్తున్నవా?"

నేను పరాచికాలాడుతున్నాననుకున్నాడు, నవ్వాడు. "డెబ్బై మీద మస్తుగొస్తుంది. చేతులు నిలువనిస్తలేదు. ఎనభైకొస్తె..."

"ఎనభై దాక ఆగుతవా నువ్వు? ఏం మనిషివి నాయినా! రేపే దవాఖానకు పోదాం."

"గట్ల కాదే, బండి..."

"బండి సంగతి తర్వాత. ముందు నీ సంగతి చూస్కో!"

అని కేకేసి, మేకుకు వేలాడుతున్న తాళంచెవి తీసి నా సంచిలో వేసుకున్నాను. ఆయన నోరు తెరిచి, మూశాడు. నా కేకకు ఆయన ఎప్పుడూ అంతే.

నాకు భయం వేస్తే అది కోపంగానే బయటికొస్తుంది. మా బడిలో ఒక టీచర్ తండ్రికి వణుకు జబ్బు వచ్చింది. నాలుగేళ్లలో ఆయన చెంచా కూడా పట్టుకోలేని స్థితికి వచ్చాడు. ఆమె స్టాఫ్ రూములో కూచుని ఏడ్చిన ఏడుపు నేను చూశాను. మా నాయినకు డెబ్బై రెండు. అరవైలో మొదలై డెబ్బైలో ముదిరిందంటే లెక్క సరిగ్గా సరిపోయింది నాకు. పైగా కారులో ముగ్గురు ముసలమ్మలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు బషీర్‌బాగ్‌లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నాయిన పొద్దుట ఏమీ తినలేదు. లోపలికి వెళ్లాక కుర్చీ చివర, పడిపోతాడేమో అన్నట్టు కూచున్నాడు. ముప్ఫై రెండేళ్లు డాక్టర్ల గది బయట నిలబడ్డవాడు, డాక్టరు ముందు కూచోవడమే ఆయనకు కొత్త. మాట్లాడింది నేనే. మా ఇళ్లలో అంతే కదా, ముసలివాళ్ల రోగం పిల్లలే చెబుతారు.

"చేతులు వణుకుతున్నాయి సార్. అరవై దాటినప్పటి నుంచి ఉందట. డెబ్బై దాటాక బాగా ఎక్కువైందట" అన్నాను.

చేతులు ముందుకు చాపమన్నాడు డాక్టరు. నాయిన చాపాడు. అవి కొంచెం వణికాయి. ఖాళీ కడుపుతో, డాక్టరు ముందు, చాపిన చేతులు ఎవరికైనా వణుకుతాయి. ఆ మాట నాకు ఇప్పుడు తెలుసు.

నాయిన గొంతు సవరించుకుని, "సార్, నాకు బండిల కూసున్నప్పుడే వస్తది సార్" అన్నాడు.

"అందుకే బండి వద్దంటున్నాను" అన్నాడు డాక్టరు. మంచి మనిషే ఆయన. పెద్ద జబ్బేం కాదని, వయసుతో వచ్చేదేనని, బలానికి మాత్రలు రాసిస్తానని, డ్రైవింగ్ మాత్రం మానెయ్యడం మంచిదని నెమ్మదిగా చెప్పాడు. మా నాయిన లేచి నిలబడి రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

ఆటోలో ఇంటికి వస్తున్నాం. అరచేతులు మోకాళ్ల మీద వెల్లకిలా పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. నాంపల్లి దాకా వచ్చాక అన్నాడు.

"నేను బండిదనుకున్న బిడ్డా."

నేను మాత్రల చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

"నాదేనా?"

"నీదే. ఒప్పుకో ఇగ" అన్నాను.

ముసలివాళ్లు తమ ఒంటి లోపాన్ని ఒప్పుకోలేక నెపం దేని మీదో వేస్తారని అనుకున్నాను. నేనేదో పెద్ద తెలివైనదాన్నని. ఆయన మాత్రం నిజంగానే ఒప్పుకున్నాడు.

తర్వాత ఏడాదిన్నర నేనే కారు నడిపాను. డ్రైవింగ్ నాకు ఆయనే నేర్పాడు. బడికి, మార్కెట్టుకు, చర్చికి అంతా చుట్టుపక్కలే. ఆబిడ్స్, నాంపల్లి రోడ్ల మీద నలభై దాటి నడపగలిగిన మొనగాడెవరైనా ఉంటే నాకు చూపించండి. కారు సాఫీగా నడిచేది. ఇంత మంచి బండి మీద నెపం వేశాడే అని ఒకట్రెండు సార్లు జాలి కూడా పడ్డాను.

ఆదివారాలు ముసలమ్మలను నేనే తెస్తానని ఆయనకు మాటిచ్చాను. నాలుగు వారాలు తెచ్చాను. ఐదో వారం నిద్ర లేవలేదు. ఆరో వారం ఏదో పని పడింది. ఆ తర్వాత ఇద్దరు ఆటో మాట్లాడుకున్నారు. నర్సమ్మకు ఆటో ఎక్కే ఓపిక లేదు. రావడం మానేసింది. "నర్సమ్మ రాలేదా?" అని నాయిన ప్రతి ఆదివారం వెనక్కి తిరిగి చూసేవాడు. నాకు ఒళ్లు మండేది. నన్ను దెప్పుతున్నాడనుకునేదాన్ని.

ఆయన చేతులను దాచుకోవడం మొదలుపెట్టాడు. మొదట చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. తర్వాత బల్ల మీద పెట్టి వంగి తాగేవాడు. గడ్డం తనే గీసుకునేవాడు కాస్తా మంగలి షాపుకు వెళ్లడం మొదలుపెట్టాడు. బియ్యం డబ్బా దించమంటే, "నా చేతులతోటి ఎందుకు, పడేస్త" అనేవాడు. చర్చిలో ప్రభు రాత్రి భోజనం రోజున పాస్టరుగారు ద్రాక్షరసం గిన్నె అందిస్తే, పట్టుకోకుండా నోరు మాత్రం తెరిచాడు చిన్నపిల్లవాడిలా. ఒలికిపోతే పాపమని ఆయన భయం. పక్కన మోకాళ్ల మీద ఉన్న నేను అది చూశాను. చూసి కళ్లు మూసుకున్నాను. ఆ చేతులు నిజంగా అంత వణుకుతున్నాయా అని ఒక్కసారి, ఒక్కసారైనా పరీక్షగా చూసి ఉంటే ఎంత బాగుండేది! చూడలేదు. తెలిసిపోయిందనుకున్నదాన్ని మళ్లీ ఎవరు చూస్తారు?

పోయిన చలికాలం మా బడిలో ఒకామె కూతురి పెళ్లికి మేడ్చల్ అవతలికి వెళ్లాల్సి వచ్చింది. నాయిన రానన్నాడు. నేనొక్కదాన్నే బయల్దేరాను. ఊరు దాటాక రోడ్డు ఖాళీగా కనిపించేసరికి నాక్కూడా హుషారొచ్చి కాస్త గట్టిగా తొక్కాను. స్టీరింగ్ వణికింది. మొదట రోడ్డు బాగాలేదనుకున్నాను. రోడ్డు నున్నగా ఉంది. డెబ్బైకి వచ్చేసరికి స్టీరింగ్ చేతుల్లో నిలవడం లేదు, గాజులు గలగలమంటున్నాయి. భయంతో బ్రేకు మీద కాలు పెట్టబోయి స్పీడు మీటరు ముల్లు వైపు చూశాను.

అరవై దాటినంక. డెబ్బై మీద మస్తుగొస్తుంది.

ఆయన చెప్పింది స్పీడు! అరవై అంటే అరవై, డెబ్బై అంటే డెబ్బై. ఆ సాయంత్రం ఆయన తన రోగం గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. నేను కోసేసిన ఆ మాట చివర ఏముందో తెలుసుకోవాలని, ఏడుస్తూనే, ఇంకా గట్టిగా తొక్కాను. ఎనభైకి వచ్చేసరికి వణుకు తగ్గిపోయింది. కారు పక్కకు తీసి ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టి ఎంతసేపు ఏడ్చానో తెలియదు. పెళ్లికి వెళ్లలేదు.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, సిగ్గు. దానికి నేనొక మంచి పేరు పెట్టుకున్నాను, రుజువు చేశాక చెబుదామని. బండి వణుకు పూర్తిగా పోగొట్టి, ఇదిగో నాయినా, నీ చేతుల్లో ఏమీ లేదు, దీంట్లో ఉంది, తీయించేశాను అని చూపిద్దామని. లెక్కల టీచర్ని కదా.

నాంపల్లిలో మాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. అరవై ఏళ్ల మనిషి, అందరూ ఉస్తాద్ అంటారు. మా నాయినను చాచా అని పిలుస్తాడు. స్టీరింగ్ వణుకుతోందని చెప్పగానే ఆయన అడిగిన మొదటి మాట ఇది.

"చేతులకొస్తుందా మేడమ్, నడుముకొస్తుందా?"

"అంటే?"

"చేతులకొస్తె ముందు చక్రాలు. సీట్ల నుంచి నడుముకొస్తె ఎనుక చక్రాలు. డ్రైవర్లంత గట్లనే చెప్తరు."

చేతులకు వణుకొస్తుందే. నాయిన ఆ సాయంత్రం అన్న మొదటి మాట అదే.

"చేతులకే. అరవై దాటినంక" అన్నాను.

"డెబ్బై మీద మస్తు, ఎనభైకి తక్కువ?"

"ఔ."

"మరి చాచా చెప్పలేదా? చాచాకు తెల్వకుంట ఎట్లుంటది?" అన్నాడు ఆశ్చర్యంగా.

"చెప్పిండు. నేనే ఇనలే" అన్నాను.

చక్రాల తూకం తప్పిందేమోనని ఉస్తాద్ మొదట ఆబిడ్స్‌లో టైర్ల షాపుకు పంపాడు. వాళ్లు రిమ్ములకు చిన్న చిన్న సీసం బిళ్లలు కొట్టారు. మర్నాడు పొద్దున్నే, బడికి ముందు, మెహదీపట్నం నుంచి పోయే పొడుగు ఫ్లైఓవర్ ఎక్కి చూశాను. అరవై దాటగానే మళ్లీ అదే. రెండోసారి చక్రాల వాలు, అదే అలైన్‌మెంట్, సరిచేయించాను. తగ్గలేదు. మూడోసారి స్టీరింగ్ కింద జాయింట్లు అరిగాయని మార్పించాను. డెబ్బై మీద గాజులు మళ్లీ గలగలమన్నాయి. ఫ్లైఓవర్ మీదే నోటికొచ్చినట్టు తిట్టాను, కారునో నన్నో నాకే తెలియదు. ఇట్లా నెల రోజులు గడిచాయి. ఆ నెలంతా నాయిన వంగి చాయ్ తాగుతూనే ఉన్నాడు, నేను చూస్తూనే ఉన్నాను.

"గుస్సా చెయ్యకు మేడమ్, ఇయ్యాల దొరుకుతది" అన్నాడు ఉస్తాద్ నాలుగోసారి. కారు ముందు భాగం జాకీ మీద లేపాడు. "సుద్దముక్క ఉన్నదా?" అని అడిగాడు. నా సంచిలో సుద్దముక్కకు కొదవా! ఆయన కారు కింద వెల్లకిలా పడుకుని, ఎడమ చక్రాన్ని చేత్తో తిప్పుతూ, సుద్దముక్కను రిమ్ము లోపలి అంచుకు కొంచెం ఎడంగా కదలకుండా పట్టుకున్నాడు. చక్రం తిరుగుతోంది. చుట్టుకొకసారి, ఒకే చోట, సుద్ద రాసుకున్న చప్పుడు వినిపించింది. చక్రం ఆపితే, జానెడు మేర తెల్లటి గీత ఉంది. మిగతా అంచంతా నల్లగానే ఉంది.

"గీడ వంగింది. ఎప్పుడో ఏదో గుంతల పడ్డది. పైనుంచి చూస్తె కనిపియ్యదు. తూకం సరిపోయింది, గుండ్రం సరిపోలే" అన్నాడు.

రిమ్ము మార్చాడు. మర్నాడు ఫ్లైఓవర్ మీద అరవై, డెబ్బై, ఎనభై దాకా వెళ్లాను. స్టీరింగ్ కదల్లేదు. నాకు సంతోషం వేయాలి కదా, ఇక నాయినకు చెప్పక తప్పదన్న భయమే వేసింది.

ఆ సాయంత్రం పాత రిమ్ము ఇంట్లోకి తెచ్చి నాయిన ముందు నేల మీద పెట్టాను. అంతా చెప్పాను. పెళ్లికి పోతుంటే వచ్చిన వణుకు, అరవై, డెబ్బై, అన్నీ. "నువ్వు చెప్పింది బండి సంగతి నాయినా. నేను నీ వయసనుకున్న. తప్పంత నాదే" అన్నాను.

ఆయన వంగి ఆ సుద్దగీతను వేలితో తడిమాడు. "ఔ. రిమ్ము వంగింది" అన్నాడు. పనివాడు పనిని గుర్తుపట్టిన గొంతు అది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అంటే నీ చేతులకు ఏం లేనట్టే. రేపటి నుంచి నువ్వే నడుపు."

చేతులు వెనక్కి తీసుకుని తొడల కింద పెట్టుకున్నాడు. "రిమ్ముది రిమ్ముదే. చేతులయి చేతులయే. పెద్ద డాక్టరు చూసి చెప్పిండు కదనే."

"నేను తప్పు చెప్పినందుకే ఆయన గట్ల చెప్పిండు!"

"ఊకో బిడ్డా. నా మనసు మంచిగుండాలని చెప్తున్నవ్. నాకు తెల్వదా?"

ఆదివారం వచ్చింది. పొద్దున ఏడింటికి ఆయన తెల్లచొక్కా నేనే ఇస్త్రీ చేసి ఇచ్చాను. నర్సమ్మకు ఫోను చేసి, నాయినే వస్తున్నాడని చెప్పాను. ఆమె అవతల సంతోషంతో ఏడ్చింది. కారు తుడిచి, నాయిన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినట్టే తీసుకొచ్చి స్టీరింగ్ ముందు కూచోబెట్టాను. పక్క సీట్లో నేను కూచున్నాను. తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. ఆయన రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాడు.

నేను ఆ చేతులనే చూశాను. నిజంగా, మొదటిసారి, రెప్ప వేయకుండా చూశాను. నల్లటి, పొడుగాటి వేళ్లు. అవి ఇంత కూడా వణకడం లేదు.

"చూడు నాయినా! చూడు! ఒక్క తీరుగున్నయ్. ఏం వణుకుతలేవు!" అని అరిచాను. గల్లీలో ఎదురింటాయన తలుపు తీసి చూశాడు.

"నాకు ఒస్తనే ఉన్నది బిడ్డా" అన్నాడు మెల్లగా. ఇంజను స్టార్ట్ కూడా చేయలేదు.

"లేదు నాయినా. నేను చెప్తున్న కద! నీ చేతులకేం లేదు, నన్ను నమ్ము!"

ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ కళ్లల్లో, ఉంటే బాగుండేది. ఎటు పోవాలో తెలియక నన్నే దారి అడుగుతున్నట్టు చూశాడు.

"ఆనాడు గూడ నువ్వు గింతే గట్టిగ చెప్పినవ్ బిడ్డా. నేను నమ్మిన" అన్నాడు.

తాళంచెవి నా ఒళ్లో పెట్టి, తలుపు తీసుకుని దిగి, వెనక సీట్లో ఎక్కి కూచున్నాడు. బషీర్‌బాగ్ దాకా నేనే నడిపాను. నర్సమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.